తుపాకి పట్టుకుంటే పెద్దమనిషి అయిపోతామా?

మాది ధర్మపురి జిల్లాలో పెన్నాగరం పక్క ఒక పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకుంటాం. అడవి దగ్గర కాబట్టి రాగి చేలో, శనక్కాయ చేలో అడవి పందులు పడతాయి. కొన్నిసార్లు ఏనుగులు కూడా దిగుతాయి. నాలుగు నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. అందుకే మా వైపు తుపాకి అంటే సినిమాల్లో చూసే వస్తువు మాత్రమే కాదు. పెద్దవాళ్ళు అరుగు మీద కూర్చుంటే దాని మాట వస్తూనే ఉంటుంది.

మా అవ్వ వీరప్పన్ కాలం చూసింది. 2004 అక్టోబరు 18 రాత్రి తమిళనాడు ప్రత్యేక పోలీసు దళం అతణ్ణి కాల్చి చంపింది మా జిల్లాలోని పాప్పారపట్టి దగ్గరే. "ఆ దినాల్లో భుజాన కట్టె వేసుకొని పోవాలన్నా మగోళ్ళకు భయమే పాపా. దూరం నుంచి తుపాకి మాదిరి కనబడితే ఏమవుతుందో అని" అంటుంది అవ్వ. తుపాకి పేలక్కర్లేదు, కనబడితే చాలు, మనుషులు భయపడతారని ఆ మాటతో నాకు అర్థమైంది.

పోయిన ఏడు మా చిన్నాన్న చేను పందులు తొక్కేశాయి. ఆయన కోపంగా "లైసెన్సు తీసుకుంటాను. తుపాకి భుజాన వేసుకొని సంతలో నడిస్తే అందరూ దారి ఇస్తారు" అన్నాడు. అలా నడవొచ్చా అని మా సాంఘిక శాస్త్రం సారును అడిగాను. ఆయన చెప్పింది నోటుబుక్కులో రాసుకున్నాను.

మన దేశంలో తుపాకి ఉంచుకోవాలంటే 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. పంట కాపాడుకోవడానికి, గొట్టంలో మందు కూరి పేల్చే తుపాకికి లైసెన్సు అడిగే వీలు ఆ చట్టంలోనే ఉంది. కానీ లైసెన్సు ఉన్నా నలుగురికీ చూపించుకుంటూ తిరగకూడదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం బయట తుపాకిని దాని ఒరలోనో సంచిలోనో పెట్టి, పూర్తిగా కప్పి తీసుకెళ్ళాలి. జనంలో ఊపి చూపించడం, పేల్చడం నిషేధం. 2019లో చట్టాన్ని ఇంకా గట్టి చేశారు. పెళ్ళిళ్ళలో, సంబరాల్లో నిర్లక్ష్యంగా పేల్చి ఇతరులకు ప్రమాదం తెస్తే 2 ఏళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు లేని తుపాకి దొరికితే మామూలుగా 2 నుంచి 5 ఏళ్ళ జైలు, జరిమానా.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తుపాకి పైకి కనబడేలా పెట్టుకొని తిరగడానికి చట్టం ఒప్పుకుంటుందట. మనకు అలా లేదు. నాకు మన పద్ధతే నచ్చింది. సంతలో కూరగాయలు అమ్మే అవ్వకు ఎదుటి మనిషి మంచివాడో కాదో ఎలా తెలుస్తుంది? ఆమెకు కనబడేది తుపాకి ఒక్కటే.

శిక్ష జైలుతోనే అయిపోదు. మా పక్క ఊళ్ళో ఒకాయన లైసెన్సు లేని నాటు తుపాకితో దారిలో దొరికిపోయాడు. పందుల కోసమే అన్నాడు. బెయిలు మీద ఇంటికి వచ్చాడు గానీ, వాయిదాల ఖర్చుకు రెండు ఆవులు అమ్మేశారు. పనికి పిలిచేవాళ్ళు తగ్గారు. ఆయన కూతురు నాతోపాటు బస్సులో వచ్చేది. ఒకరోజు ఎవరో ఆ పిల్లను "తుపాకోడి కూతురు" అన్నారు. మరుసటి రోజు నుంచి చివరి సీటులో ఒంటరిగా కూర్చుంది. కొన్నాళ్ళకు బడికి రావడమే మానేసింది. ఆమె ఏ తుపాకీ ముట్టుకోలేదు.

నేను రాసుకున్నదంతా చిన్నాన్నకు చదివి వినిపించాను. ఆ పిల్ల సంగతి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పంట నష్టానికి అటవీ శాఖకు అర్జీ పెట్టాడు. ఇప్పుడు పక్కచేల వాళ్ళతో వంతులు వేసుకొని, టార్చిలైటు, రేకు డబ్బా పట్టుకొని రాత్రిళ్ళు కాపలా ఉంటున్నాడు. పందులు ఇప్పటికీ వస్తాయి, ముందుకన్నా తక్కువ.

మిత్రులారా, సరదాకైనా తుపాకి పట్టుకొని ఫోటో దిగి స్టేటస్ పెట్టకండి. ఇంకొక మాట. తండ్రి చేసిన పనికి శిక్ష వేయడానికి కోర్టు ఉంది. బిడ్డకు పేరు పెట్టి మనం ఇంకో శిక్ష వేయకూడదు. ఆ పిల్ల మళ్ళీ బస్సు ఎక్కితే నా పక్క సీటు ఆమెకే.