మామ పుట్టినరోజుకు రుమాలు కేకు

పోయినసారి పత్తిల గులాబీరంగు పురుగు గురించి రాస్తే చానమంది ఫోన్లు చేసిండ్రు. ఈసారి పంట ముచ్చట కాదు, కేకు ముచ్చట. నవ్వకుండ్రి.

మా పెద్దబిడ్డ పట్నంల నౌకరి పోయి ఇంటికొచ్చి ఏడాది దాటింది. వచ్చినకాడికెళ్లి కేకులు చేస్త అంటది. ఓవెన్‌కు, మిక్సర్‌కు 26 వేలు అడిగితే, రెండో ఏరుడు పత్తి పైసలు అట్లనే తీసి ఇచ్చిన. ఇచ్చిన గానీ మాట కూడా అన్న. "చదివించింది పిండి కలపనీకా?" అని. అది నలుగురి ముంగట అన్న. ఆ మాట మీకు ముందే చెప్తున్న, ఎందుకంటే మిగిలిన కథంత దాని మీదనే ఉన్నది.

మా పక్కింట్ల మామ నేతగాడు. కులం వేరైనా మా నాయిన కాలంనుంచి మామ అనే పిలుస్త. 70 నిండినయి. అసలు పుట్టిన తేదీ ఆయనకే తెల్వదు, ఆధార్‌ల జనవరి 1 ఉంటది (మనలో సగం మందికి అదే తేదీ గదా). పిల్లలు అది ఇడిచిపెట్టి ఆగస్టు 7 పెట్టుకున్నరు. 1905ల స్వదేశీ ఉద్యమం మొదలైన రోజట. 2015నుంచి అదే జాతీయ చేనేత దినం. థీమ్ పార్టీ అన్నరు, అంటే వచ్చినోళ్లందరు చేనేత బట్టలే కట్టాలె. కేకు కూడా బట్ట లెక్కనే ఉండాలె. ఆర్డర్ మా బిడ్డకిచ్చిండ్రు. ఆమెకు వచ్చిన మొదటి పెద్ద ఆర్డర్ అదే.

మామ ఒకప్పుడు తేలియా రుమాళ్లు నేసెటోడు. మన దిక్కు పుట్టపాక పేరు దానికే, 2020ల జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఇండ్ల మనకూ పాలున్నది, అది చానమందికి తెల్వదు. ఆముదం కాయల పొట్టు కాల్చి, ఆ బూడిద నీళ్లల్ల ఆముదం నూనె కలిపి నూలును నానబెడ్తరు, పిసుకుతరు, ఎండబెడ్తరు, మళ్ల నానబెడ్తరు. వారాల తరబడి అదే పని. అట్ల చేస్తేనే ఎర్రరంగు పట్టుకుంటది. తర్వాత పడుగుకు, పేకకు రెంటికీ కట్లు కట్టి రంగుల ముంచుతరు. మగ్గం మీద ఆ రెండు రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గ కూసోవాలె. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే.

బిడ్డ ముందు ఫోన్ల బొమ్మ చూసి కాయితం మీద గీసుకున్నది. గీతలు స్కేలు పెట్టినట్టు వచ్చినయి. మామ భార్య, మా అత్త, చూసి పెట్టెలకెళ్లి పాత రుమాలు తీసి చేతిల పెట్టింది. ఇంకా నూనె వాసనే ఉన్నది దానికి. "ఇగో, గీత అంచు చూడు, చెదిరినట్టుంటది. కత్తితోని కోసినట్టుంటే అది అచ్చు గుడ్డ, చిటికి కాదు" అన్నది.

కేకు 12 అంగుళాల చదరం, నాలుగు కిలోలు. మీద కప్పేది ఫాండెంట్ అంట. చక్కెర పొడి, జిలాటిన్, గ్లూకోజ్, గ్లిజరిన్ కలిపి పిసికిన ముద్ద. చపాతీ లెక్క ఒత్తి కేకు మీద పరవాలె. ఒకటిన్నర కిలో పట్టింది. పరిచినంక ఉతికిన నేత గుడ్డను దాని మీద పెట్టి మెల్లగ ఒత్తింది, గుడ్డ తీస్తే నూలు పోగుల అచ్చు పడ్డది. ఒక మూల మడత కోసం కింద సన్నని పుల్లలు పెట్టి పైనుంచి ముద్ద కప్పి, ఆరినంక పుల్లలు గుంజింది. నేను దర్వాజకాడ నిలబడి చూస్తున్న, లోపలికి పోలె.

రంగు కలపనీకి నీళ్లు పనికిరావంట, చక్కెర కరుగుతది. వోడ్కా అయితే ఎంబడే ఆరిపోతదట. కన్నబిడ్డ నన్ను వైన్స్‌కు పంపింది, నమ్ముతరా? అక్కడ నన్ను చూసినోళ్లు ఇంకో కథ అల్లిండ్రు, అది ఇడిచిపెట్టుండ్రి. గీత గీసుడు, ఆరకముందే పొడి బ్రష్‌తోని అంచును కొంచెం గుంజుడు. ఒక్కో గడికి పది నిమిషాలు. రాత్రి ఒంటిగంట దాకా అదే.

అప్పుడు వాన వచ్చి కరెంటు పోయింది. ఫాండెంట్‌కు తేమ తగిలితే చెమట పడ్తది, ఫ్రిజ్‌ల పెట్టి బయటికి తీస్తే ఇంకా ఎక్కువ. ఒక మూలకు నలుపు ఎరుపులోకి పారింది. బిడ్డ ఏడ్వలె, బ్రష్ కింద పెట్టి ఊకె కూసున్నది. ఏడిస్తే నేను ఏదో ఒకటి అనెటోన్నేమో. విసనకర్ర తీసుకొని లోపలికి పోయిన. తెల్లారి నాలుగింటికి కరెంటు వచ్చేదాక విసిరిన. ఇద్దరం ఒక్క మాట మాట్లాడలె. ఆ మూల మాత్రం బాగుకాలె.

పార్టీల మామ కేకు దగ్గరికొచ్చి అద్దాలు పెట్టుకున్నడు. మా బిడ్డ చెయ్యి నా అంగీ అంచు పట్టుకున్నది, చిన్నప్పటి లెక్క. మామ వేలు సక్కగ ఆ మూలకే పోయింది.

"ఈడ పేక జరిగింది బిడ్డా."

"రంగు కారింది తాతా, రాత్రి వాన..."

"నాకు కూడా గట్లనే కారేది" అన్నడు. ఇంకేమనలె.

కత్తి ఇచ్చి నడిమిట్ల కొయ్యమన్నరు పిల్లలు. మామకు కోపం వచ్చింది. "రుమాళ్లు వరసగ నేసినంక అంచు పట్టి కోస్తరు. నడిమిట్ల ఎవడన్న కోస్తడారా?" అని ఒక అంచు పొడుగూత కోసి మొదటి ముక్క మా బిడ్డ నోట్లె పెట్టిండు. అత్త తిననేలేదు, చూస్తనే ఉన్నది.

ఆర్డర్‌కు 6 వేలు వచ్చినయి, ఖర్చు సగం పోంగ మిగిలింది తక్కువే. నేను అన్న మాటకు బిడ్డతోని ఇంతవరకు ఏం చెప్పలె. ఎట్ల చెప్పాలెనో తెలుస్తలేదు, మీకు తెలిస్తే చెప్పుండ్రి.

నిన్న పొద్దున చేనుకు పోతుంటే బిడ్డ దర్వాజకాడికెళ్లి పిలిచింది. "బాపూ, ఈసారి ఆముదం కొట్టినంక పొట్టు పారెయ్యకు, తాత అడిగిండు" అన్నది. ఆయన మగ్గం ఇప్పి ఏండ్లయింది. ఎందుకని నేను అడగలె, రెండు సంచులు పక్కకు పెడ్త అన్న.