మ్రొక్కును మందును

కరీంనగరమునుండి జగిత్యాలకు పోవు త్రోవలో సుమారు 35 కిలోమీటర్ల దూరమున, మల్యాల మండలమందలి కొండగట్టుమీద వెలసిన ఆంజనేయస్వామి సన్నిధికి మతి చలించినవారిని తోడ్కొనివచ్చి, 40 దినములు అచటనే యుంచి, కోనేట స్నానమాడించి, ప్రదక్షిణములు చేయించుట మా ప్రాంతమున తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఉత్తర తెలంగాణమున మనోవ్యాధులకు వైద్యము చేయుచు ఆయుర్దాయములో పెద్దపాలు గడపిన నాయొద్దకు వచ్చు కుటుంబములలో, అంతకుముందే ఆ కొండ యెక్కి దిగనివి అరుదు. కొందఱు వేములవాడ రాజన్నకు కోడెను కట్టి, ఆ ఆలయప్రాంగణములోనే యున్న దర్గాలో మ్రొక్కి వత్తురు. ఉట్నూరు, జైనూరు గూడెములవారు దేవర పూనువానిచేత కారణము చెప్పించుకొని వత్తురు. దవఖాన అన్నింటికంటె కడపటి మజిలీ.

ఈ ఆచారమును మౌఢ్యమని త్రోసివేయు వైద్యులు కలరు. నాకట్లు తోచదు. మనసు తనకే వశము తప్పిన మనిషి ప్రక్కన, తల్లియో అన్నయో భార్యయో కూలినాలి మాని, సత్రపు వరండాలో చాప పఱచుకొని, అన్ని దినములు కనిపెట్టుకొనియుండి, వేళకు స్నానము, వేళకు తిండి, నలుగురి నడుమ నివాసము సమకూర్చుచున్నారనిన, అట్టి సేవను చీటీమీద వ్రాసి యీయగల వైద్యుడెవ్వడును లేడు. కాని ఆ సేవ యొక్కటియే చాలునని నమ్మి మందును దూరముచేయుటవలన కలుగు నష్టమును కన్నులార చూచినవాడను గనుక, ఆ సంగతి చెప్పక తప్పదు.

సిరిసిల్ల ప్రక్కనుండి, మరమగ్గములపై పనిచేయు నడివయసు మనిషి నొకనిని, వాని యన్నయు భార్యయు ఆటోలో తీసికొనివచ్చిరి. హనుమద్దీక్ష పూని మాల వేసికొన్న మూడవనాటి రాత్రినుండి చేతులు వణకుట, ఒళ్లెల్ల చెమటలు పట్టుట, గోడలపై పురుగులు ప్రాకుచున్నవని దులుపుట, చనిపోయిన తండ్రితో మాటలాడుట. తెల్లవాఱుజామున ఒకమాఱు ఫిట్సుకూడ వచ్చెను. “మాల మీద ఏదో తప్పు చేసిండు సారూ, స్వామికి కోపమొచ్చింది” అని అన్న కంట నీరు పెట్టుకొనెను. “మాల వేసుకునే ముందు కల్లు తాగుతుండెనా అన్నా?” అని నేనడుగగా, “రోజు రెండు పూటలు తాగుతుండె. మాల వేసుకున్నంక చుక్క ముట్టలేదు సారూ” అని తమ్ముని నియమనిష్ఠను గూర్చి గర్వముగనే చెప్పెను.

రోగమంతయు ఆ మాటలోనే యున్నది. మా వైపు దుకాణములలో అమ్ముడుపోవు కల్లులో చాలచోట్ల తాటిచెట్టు పాలు తక్కువ. క్లోరల్ హైడ్రేటు, డయజిపాము, అల్ప్రాజోలాము వంటి మత్తుమందుల పాలు ఎక్కువ. ఏండ్లతరబడి వానికి మరగిన మెదడు, అవి ఒక్కసారిగా అందనప్పుడు తల్లడిల్లి, రెండు మూడు దినములలోనే లేనివానిని చూచును, లేనిమాటలు వినును. చికిత్స లేనిచో ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును. 2015 సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీ కల్లును అరికట్టినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలలో ఇట్టి రోగులతో ఆసుపత్రులు నిండిపోయినవి. అది దైవకోపమైనచో అన్ని ఊళ్లమీద ఒక్క వారములోనే ఏల విరుచుకొనిపడును? ఆ మనిషికి అదే జాతి మందును కొలిచి యిచ్చి, క్రమక్రమముగా తగ్గించుచు, థయమిన్ సూదులు వేయగా, వారము దినములకు తెలివి కుదుటబడెను. మెడలోని మాలను నేను తీయింపలేదు. దీక్ష ముగించి, కొండగట్టుకు పోయి స్వామి సన్నిధిలోనే మాల విరమించి వచ్చెను. దీక్ష పూనదలచి, నిత్యము కల్లు త్రాగు అలవాటుగలవారు, మాలధారణకు కొన్ని వారములముందే డాక్టరును చూచి, మందు సాయముతో కల్లు మానుకొనవలెనని అప్పటినుండి వచ్చినవారికెల్ల చెప్పుచున్నాను.

ఆదిలాబాదు నల్లరేగడిలో ప్రత్తి వేయు రైతుల కథ వేఱు. వారు మనసు బాగులేదని చెప్పుకొనరు. గుండె బరువనియు, నెత్తి బుగబుగ మనుచున్నదనియు, కాళ్లు గుంజుచున్నవనియు చెప్పుదురు. అట్టి వారిలో ఒకడు ఊరి ఆర్.ఎం.పి. యొద్ద సెలైన్లు ఎక్కించుకొని, పట్టణములో గుండె పరీక్ష, తల స్కానింగు చేయించుకొని, అప్పుపై అప్పు చేసి, అన్నియు బాగుగనే యున్నవని చెప్పించుకొన్న పిదప నాయొద్దకు వచ్చెను. అతని భార్య మాత్రము మొదటి మాటలోనే రోగనిర్ణయము చేసినది: “మనాది పట్టింది సారూ. తిండి లేదు, నిద్ర లేదు, ఎవ్వలతోని మాట్లాడడు.”

“చచ్చిపోతే బాగుండు అనిపిస్తున్నదా తమ్మీ?” అని అడిగితిని. అడుగుట వలన లేని ఆలోచన పుట్టునని చాలమంది భయపడుదురు. అది నిజము కాదు. ఎవరైన అడిగిన బాగుండునని ఎదురుచూచువారే యెక్కువ. అతడు తల వంచుకొని, ఇంటి మూల పురుగులమందు డబ్బా ఉన్నదని చెప్పెను. ఆ సాయంకాలమే డబ్బాను బావమఱది యింటికి చేర్పించితిమి. ఇది చిన్నపనివలె తోచును, కాని శ్రీలంక దేశము 1995 మొదలుకొని అతితీవ్రమైన పురుగులమందులను నిషేధించిన పిదప అచటి ఆత్మహత్యలు బాగుగా తగ్గినవి. చావవలెనను ఉద్రేకము అలవలె వచ్చిపోవునది. ఆ గడియలో విషము చేతికందకపోయిన మనిషి బ్రదుకును. అతనికి వ్రాసినవి నిద్రగోలీలని, అలవాటు పడునని ఇంటివారు సందేహించిరి. దిగులును మాన్పు మందులు మత్తుమందులు కావు. రెండు మొదలు నాలుగు వారములు గడచిననే గాని గుణము కనిపింపదు. ఆ లోపల మానివేయుటయే మందు పనిచేయలేదను అపవాదునకు హేతువు.

మందుతోపాటు తనకు తాను చేసికొనదగిన సాయము కొంత కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో బొమ్మలతో ఒక చిన్న పుస్తకమును ఇందుకొఱకే ప్రకటించినది. చదువురాని రైతునకు నేను చెప్పినది ఇంతే: తెల్లవాఱగనే మంచము దిగి చేనిగట్టుదాక పోయి రావలెను, సాయంకాలము ఊరి హోటలులో నలుగురితో చాయ త్రాగవలెను, మనసు రాకున్నను పోవలెను. ఇష్టము కలిగిన పిదప పని చేయుదుననుకొన్నచో ఆ దినము రాదు. పని మొదలైన పిదప ఇష్టము మెల్లగా వెంట వచ్చును. కాని చెవిలో మాటలు వినబడువారిని, దినములతరబడి నిద్ర లేక ఉఱకలు వేయువారిని, కాన్పైన పిదప పసిబిడ్డను చూచి భయపడు తల్లిని ఇట్టి ఉపాయములతో ఇంట నుంచుకొనరాదు. రాయికల్ ప్రక్క ఊరినుండి అట్టి బాలింతను ఆశా కార్యకర్త తన వెంట తీసికొనివచ్చినది. భర్త షార్జాలో ఉండి ఫోనులో ఏడ్చుచు విన్నాడు. ఆ కార్యకర్త ఒక్కదినము జాగు చేసియున్నచో ఏమగునో తలచుటకే వెఱపు.

పూర్వము మా జిల్లాలవారికి ఇట్టి వైద్యమనిన హైదరాబాదులోని ఎర్రగడ్డ ఆసుపత్రియే. ఆ పేరే ఊళ్లలో తిట్టైపోవుటచేత, పోవలసినవారు పోకుండిరి. ఇప్పుడు స్థితి మాఱినది. ఆదిలాబాదు రిమ్స్ 2008లోను, జగిత్యాల, మంచిర్యాల వైద్యకళాశాలలు 2022లోను, కరీంనగరు, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాదు ప్రభుత్వ కళాశాలలు 2023లోను వెలసినవి. వైద్యకళాశాల యనిన దాని ఆసుపత్రిలో మానసిక వైద్యవిభాగము ఉండవలసినదే. పేరు వ్రాయించుకొని చీటీ తీసికొనుటకు ఎవరి సిఫారసును అక్కఱలేదు. 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారము రోగిని గొలుసులతో కట్టుట నిషిద్ధము, ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగనే భావింపవలెను. కావున కేసు అగునను భయముతో విషము త్రాగిన సంగతిని డాక్టరువద్ద దాచకుడు.

తమిళనాట ఏర్వాడి దర్గా ప్రక్కన 2001 ఆగస్టు 6న పాకలకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడిన రోగులు కదలలేక 28 మంది మరణించిరి. గుజరాతులోని ఉనావా గ్రామమున మీరా దాతార్ దర్గాలోనన్ననో, ముజావర్లును వైద్యులును ఏకమై, ప్రార్థనకు వచ్చిన రోగులకు అచటనే మందు నిచ్చు ఏర్పాటు చేసికొనిరి. మనకు కావలసినది ఈ రెండవ మార్గము. కొండగట్టుమీద సత్రముల నడుమ మానసిక వైద్యుడు కూర్చుండు గది యొకటి నిత్యమును తెఱచియుండునట్లు చేయుడని దేవస్థానమువారిని, వైద్యారోగ్యశాఖవారిని వేడుచున్నాను. అంతవఱకు, ఇంట నిద్రాహారములు మాని మూల కూర్చున్నవారుండిన, ఏ వేళనైనను 14416 సంఖ్యకు ఫోను చేసి, తెలుగుననే మాటలాడవచ్చును. 2022 అక్టోబరు 10నుండి కేంద్రప్రభుత్వము నడుపుచున్న టెలిమానస్ సేవ యది, రుసుము లేదు. మీ మ్రొక్కు మీరు చెల్లించుకొనుడు; ఆ వారములోనే సర్కారు దవఖానకును రండు.