చివర నీతి కాదు, మొదట పటం

పిల్లల పుస్తకం కొనడానికి వచ్చిన పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న నాకు గిట్టదు. "దీంట్లో నీతి ఏముందప్పా?" అంటారు. నంద్యాల పుస్తకాల అంగళ్లలో ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. సినిమాకు పోయేటప్పుడు ఆ ప్రశ్న అడగరు. పెళ్లిలో భోజనానికి కూర్చున్నప్పుడు అడగరు. పదేళ్ల పిల్ల చేతికి ఒక కథ ఇచ్చేటప్పుడు మాత్రం దాని లోపల మంచి బుద్ధి ఉందా లేదా అని తరచి తరచి చూస్తారు. బళ్లో ఆగస్టు పదిహేనుకు బహుమతులిచ్చినా ఇదే వరస. స్టీలు గిన్నె, ప్లాస్టిక్ డబ్బా, లేదంటే జనరల్ నాలెడ్జి పుస్తకం. ఒక్కసారైనా ఒక దీవి కథను బహుమతిగా ఇచ్చినవాళ్లను నేను చూడలేదు.

నేను పెరిగింది జూపాడు బంగ్లాలో. కర్నూలు నుంచి గుంటూరు పోయే రోడ్డు మీద, నందికొట్కూరు దాటినాక వచ్చే ఊరు. చుట్టూ నల్లరేగడి చేలు, ఎండాకాలం వస్తే నెర్రెలు విచ్చే నేల. సముద్రం చూడాలంటే ఆత్మకూరు మీదుగా నల్లమల దాటి, దోర్నాల, మార్కాపురం దాటి ఒంగోలు దాకా పోవాలి. మా ఇంట్లో పెద్దవాళ్లు చాలామంది సముద్రం చూడకుండానే పోయినారు. అట్లాంటి ఊళ్లో మా చిన్నాయన కర్నూలు నుంచి ఒక పాత పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టినాడు. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. పేరు మాత్రం ఆయన నోటితోనే చెప్పినాడు: ‘కాంచన ద్వీపం’.

అది ఆర్. ఎల్. స్టీవెన్సన్ ‘ట్రెజర్ ఐలండ్’కు నండూరి రామమోహనరావు చేసిన తెలుగు. ‘విశ్వరూపం’, ‘నరావతారం’ రాసి సైన్సును మనకు అరచేతిలో పెట్టిన ఆయనే, ఆంధ్రజ్యోతి సంపాదకుడిగా పేరుపడ్డ ఆయనే, మార్క్ ట్వేన్ టామ్ సాయర్‌నూ హకల్‌బెరి ఫిన్‌నూ తెలుగు పిల్లలకు నేస్తాలను చేసినాడు. ఎంత సంపాదకీయం రాసినా మర్నాటికి పాతబడుతుంది. ఆయన తెచ్చిపెట్టిన ఆ పిల్లలు మాత్రం ఇంకా పదేళ్ల ఈడులోనే ఉన్నారు. తెలుగు పిల్లలకు ఆయన చేసిన మేలుకు మనం చాలినంత దండం పెట్టలేదని నా గట్టి నమ్మకం.

ఇక ఆ పుస్తకంలో నీతి సంగతి. ఒంటికాలి లాంగ్ జాన్ సిల్వర్ మోసగాడు, హంతకుడు. అయినా అతని మాట వింటుంటే కథ చెప్పే పిల్లవాడు జిమ్‌కు ముచ్చటేస్తుంది, మనకూ ముచ్చటేస్తుంది. చివరికి అతనికి ఉరి పడదు. ఒక నాణేల సంచి చంకన పెట్టుకుని ఓడ దిగి జారుకుంటాడు. మాటతీరు తీయగా ఉన్నవాడు మంచివాడే కానక్కరలేదని, చెడ్డవాడిలోనూ ధైర్యం ఉంటుందని, రెండూ ఒక్క మనిషిలోనే కాపురం ఉంటాయని నాకు ఏ నీతిశతకమూ చెప్పలేదు. యాపిల్ పీపాలో దాక్కుని సిల్వర్ కుట్ర మాటలు ఊపిరి బిగబట్టి విన్న జిమ్ చెప్పినాడు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ పీపా నాకు అక్కరకొస్తూనే ఉంది.

పెద్దయినాక ఇంగ్లీషు ప్రతి దొరికింది. తెరిస్తే మొదటే దీవి పటం. కొండలు, గుట్టలు, ఓడ నిలిచే చోటు, నిధి ఉన్న చోట గుర్తులు. ఆ పటం కథ ఆ పుస్తకంలో కథకంటే నాకు ఎక్కువ ఇష్టం. 1881 ఎండాకాలం స్కాట్లాండ్‌లోని బ్రేమార్‌లో ముసురు పట్టింది. ఇంట్లో చిక్కుకున్న స్టీవెన్సన్ సవతి కొడుకు లాయిడ్‌తో కలిసి రంగులు ముందేసుకుని ఒక దీవి బొమ్మ గీసినాడు. బొమ్మ ముందు పుట్టింది, మనుషులు తర్వాత వచ్చినారు. కథ పత్రికలో వచ్చి, 1883లో పుస్తకమయ్యేటప్పుడు ప్రచురణకర్తకు పంపిన పటం దారిలో పోయింది. మళ్లీ గీయాల్సి వచ్చింది. ఎక్కడ గీసినారంటే, వాళ్ల నాయన ఆఫీసులో. ఆ ఆఫీసు పని లైట్‌హౌసులు కట్టడం.

స్టీవెన్సన్ల వంశమే దీపాల వంశం. తాత రాబర్ట్ ఆటుపోట్లకు మునిగి తేలే బెల్ రాక్ అనే బండ మీద కట్టిన దీపం 1811లో వెలిగింది. పెద్దనాయన ఆలన్ స్కెరీవోర్ దీపం కట్టినాడు, అది 1844లో వెలిగింది. తండ్రి థామస్‌దీ అదే విద్య. మన రచయితను కూడా ఇంజనీరును చేయాలనే చూసినారు. 1871లో లైట్‌హౌసు దీపాల మీద ఒక వ్యాసం చదివి వెండి పతకం కూడా తెచ్చుకున్నాడు. ఆ ఏడే ఆ పని వదిలేస్తానని తండ్రికి చెప్పేసినాడు. తండ్రి మనసు ఎంత నొచ్చుకుందో గానీ, పదేళ్ల తర్వాత కొడుకు దొంగల కథ రాస్తుంటే చిన్నపిల్లవాడిలా పక్కన చేరినాడు. కథ మొదట్లో సత్రంలో చచ్చిపోయే నావికుడి పెట్టెలో ఏమేమి ఉండాలో జాబితా రాసిచ్చినాడు. పోయిన పటాన్ని తిరగగీసినప్పుడు దాని మీద, కథలో నిధి పాతిపెట్టిన సముద్రపు దొంగ ఫ్లింట్ సంతకం చేసింది కూడా ఆ తండ్రే. నావికుల ప్రాణాలు కాపాడేందుకు దీపాలు నిలిపిన చెయ్యి, పిల్లల కోసం సముద్రపు దొంగ సంతకం పెట్టింది. "దీంట్లో నీతి ఏముంది నాయనా" అని ఆయన అడగలేదు.

విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపాన్ని మొదటిసారి చూసినప్పుడు పక్కనున్నవాళ్లు బీచి గురించి, బజ్జీల గురించి మాట్లాడుకుంటున్నారు. నాకు మాత్రం జిమ్ గుర్తొచ్చినాడు. చదివి ఉంటేనే కదా చూపు కుదిరేది.

సముద్రం లేని మాకు దీవి దొరకలేదని కాదు. శ్రీశైలం ఆనకట్ట 1981లో పూర్తయి కృష్ణ వెనక్కి తన్నినప్పుడు దాదాపు వంద ఊళ్లు నీళ్ల కింద పడినాయి. సంగమేశ్వరం గుడి కూడా మునిగింది. 2003లో నీళ్లు బాగా తగ్గినప్పుడు మళ్లీ బయటపడింది. అప్పటినుంచి ఏటా నీళ్లు పెరిగితే లోపలికి పోతుంది, ఎండాకాలం తేలుతుంది. నీళ్లు ఎక్కుతున్నప్పుడు కొన్నాళ్లు శిఖరం మాత్రమే పైన నిలుస్తుంది. లోపల ఉన్న శివుడు వేపమొద్దు లింగం. అన్నేళ్లు నీళ్లలో నానినా చెక్కుచెదరలేదు. బెల్ రాక్ గురించి చదివినప్పుడు నేను చూసింది మా శిఖరాన్నే.

మా జేజి పుట్టిల్లు ఆ మునిగిన ఊళ్లలో ఒకటి. సాయంత్రం పూట వాకిట్లో కూర్చుని బొగ్గుముక్కతో బండల మీద ఆ ఊరు గీసేది. ఇది రచ్చబండ, ఇది చింతమాను, ఇక్కడ ఆంజనేయుడు, ఈ సందులో మా ఇల్లు, ఇది దిగుడుబావి, దీంట్లో మీ తాత ఈత నేర్చుకున్నాడు. చదువు రాదు. దిక్కులు తప్పేవి కావు. ఒకసారి మా అత్త "ఎందుకమ్మా లేని ఊరును గీసుకుంటావు?" అంటే, "లేకపోతే పిల్లోళ్లకు ఎట్ల తెలుస్తాది?" అనింది. మర్నాడు పొద్దున కల్లాపి చల్లితే ఊరంతా చెరిగిపోయేది. సాయంత్రం మళ్లీ గీసేది. ఏదీ ఎక్కువా తక్కువా కాకుండా అదే బావి, అదే మాను. ఆమె పోయినాక ఆ బండల మీద ఎవరూ ఏమీ గీయలేదు. ఒక్కటైనా కాగితం మీద ఎత్తి రాసి ఉంటే, శ్రీశైలం నీళ్ల కింద ఉన్న ఒక దీవి పటం మా ఇంట్లో ఉండేది. మునక ఊళ్ల నుంచి లేచొచ్చి నందికొట్కూరు, ఆత్మకూరు పక్కల స్థిరపడ్డ ఇళ్లల్లో అట్లాంటి ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల ఎదుట ఒక కాగితం, ఒక పెన్సిలు పట్టుకుని కూర్చునే మనమడు కావాలి.

ఆ శ్రీశైలం నీళ్లే మా మండలంలోని పోతిరెడ్డిపాడు దగ్గర తూములు దాటి, బానకచెర్ల మీదుగా, వెలుగోడు, సోమశిల, కండలేరు తిరిగి మద్రాసు దాకా పోతాయి. తెలుగుగంగ అంటే అదే. ఆ మద్రాసు వడపళని నుంచి మాకు వచ్చేది చందమామ. 1947 జూలైలో చక్రపాణితో కలిసి దాన్ని మొదలుపెట్టిన నాగిరెడ్డి మా పక్క కడప జిల్లా పొట్టిపాడు మనిషి. దాంట్లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘జ్వాలాద్వీపం’ అనే సీరియల్, చిత్రా గీసిన బొమ్మలు. సీరియల్ కింద దాసరి పేరు కూడా ఉండేది కాదు. పేరు లేని మనిషి నెలనెలా మమ్మల్ని ఒక దీవికి తీసుకుపోయి, సరిగ్గా ప్రాణం మీదికి వచ్చినప్పుడు ‘ఇంకా ఉంది’ అని వదిలేసేవాడు. నీళ్లు అటు పోతూనే ఉన్నాయి. పుస్తకం ఇటు రావడం ఆగిపోయి పదేళ్లు దాటింది.

అందుకే ఇది చదువుతున్న తల్లిదండ్రులకు, అయ్యవార్లకు ఒక విన్నపం. మీ ఊరు సముద్రానికి ఎంత దూరంగా ఉంటే మీ పిల్లలకు దీవి కథ అంత అవసరం. ఈ దసరా సెలవులకు ఒక్క పుస్తకం కొనండి. చివరి పేజీలో నీతి వెతకకండి. మొదటి పేజీలో పటం ఉందేమో చూడండి. ఉంటే ధర చూడకుండా కొనండి.