రాత్రిపూట చేపల తొట్టి మోటారు ఆపవచ్చునా?

మన సత్రపట్టి వీధుల్లో ఇప్పుడు పిల్లలున్న ఇళ్లలో గాజు తొట్టి కనబడతా ఉంది. రెండడుగుల తొట్టి, నాలుగు గోల్డు ఫిష్షులు, ఒక చిన్న మోటారు. ముందు గదిలో పెడితే పిల్లలు బంతి కొడతారని, వంటింట్లో వేడి అని, చివరికి దాన్ని పడుకునే గదిలోకే చేరుస్తారు. తగవు అక్కడ మొదలవుతుంది. పగలంతా ఎవరికీ వినపడని మోటారు రాత్రి పది కొట్టేసరికి అందరికీ వినపడుతుంది. "గుయ్యిమంటా ఉండాది, ఆపేయండి, తెల్లారి వేసుకుందాము" అంటారు. చాలా ఇళ్లలో అట్లే ఆపుతున్నారు. ఆపకండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఊరికే ఆపకండి అంటే ఎవరూ వినరు గనుక, ఎందుకో చెప్పి, ఆ శబ్దానికి ఏం చెయ్యవచ్చునో కూడా చెబుతాను.

మా వీధిలో ఒక ఇంట్లో రోజూ రాత్రి ఆపి, పొద్దున వేసేవారు. మొదటి నాలుగు రోజులు ఏమీ కాలేదు. తరువాత చేపలు పొద్దునే పైకి వచ్చి నోరు తెరిచి నీటి అంచున గాలి మింగడం మొదలుపెట్టాయి. ఆకలి కాబోలునని ఇంకా ఎక్కువ మేత వేశారు. రెండో వారంలో మూడు చేపలు తేలినాయి. ఇంటి దిష్టి చేపలు తీసుకొని పోయినాయని పెద్దావిడ సర్దుకున్నది. ఆ ఇంటి చిన్నపిల్ల మాత్రం రెండు రోజులు అన్నం తినలేదు. దిష్టి సంగతి నాకు తెలియదు గాని, రాత్రి ఎనిమిది గంటలు మోటారు ఆపిన సంగతి తెలుసు.

ఫిల్టరుకు చెత్త పట్టడం చిన్న పని. పెద్ద పని కంటికి కనబడదు. చేప ఊపిరితో పాటు మొప్పలనుంచి అమ్మోనియా అనే విషం నీళ్లలో వదులుతుంది. తిని మిగిల్చిన మేత కుళ్లినా అదే. ఫిల్టరు స్పాంజిలో కంటికి కనబడని క్రిములు కాపురం ఉంటాయి. ఒక జాతి క్రిములు ఆ అమ్మోనియాను నైట్రైటు చేస్తాయి, అదీ విషమే. ఇంకొక జాతి దాన్ని నైట్రేటు చేస్తాయి, అది అంత కీడు చెయ్యదు, నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఒకరు వడికితే ఒకరు నేసినట్టు రెండు చేతుల పని. కొత్త తొట్టిలో ఈ క్రిములు నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వాటికీ ప్రాణవాయువు కావాలి. మోటారు ఆగితే స్పాంజి లోపల నీళ్లు కదలవు, ఉన్న ప్రాణవాయువు అయిపోతుంది, క్రిములు సొమ్మసిల్లుతాయి, చాలాసేపైతే చస్తాయి. మూసిన డబ్బాలో ఉండే ఫిల్టరైతే ఇంకా తొందరగా. పొద్దున స్విచ్ వెయ్యగానే ఆ కుళ్లిన నీళ్లు తొట్టిలోకి వస్తాయి.

చేపల ఊపిరి మాట వేరే ఉంది. నీళ్లు ఎంత వెచ్చనైతే అందులో ప్రాణవాయువు అంత తక్కువ పడుతుంది. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాములు పడితే, 30 డిగ్రీలలో ఏడున్నర. చిత్తిర ఎండల్లో రేకుల కప్పు కింద మన గదులు ఎట్లుంటాయో మీకే తెలుసు. తొట్టిలో పచ్చని మొక్క ఉంది గదా అనుకోవద్దు. పగలు వెలుతురులో అది ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి చేపలతో పాటు అదీ తీసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఊపిరి అన్నిటికన్నా తక్కువ. మనం మోటారు ఆపేదీ ఆ వేళకే.

పెద్ద తొట్టిలో రెండే చిన్న చేపలుంటే ఆపినా బతకవచ్చు, అట్ల బతికినవీ ఉన్నాయి. మన తొట్లు చిన్నవి, చేపలు ఎక్కువ. గోల్డు ఫిష్ మురికి కూడా ఎక్కువ చేస్తుంది.

మన మిల్లు ఇళ్లలో ఇంకొక చిక్కు. రాత్రి అనేది అందరికీ ఒకటే వేళ కాదు. మా ఇంట్లో కొడుకు నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటాడు. కోడలూ పిల్లలూ రాత్రి పడుకుంటారు. అందరి నిద్రకూ మోటారు ఆపాలంటే ఆ తొట్టికి మోటారే అక్కర్లేదు. నిద్రను నేను తేలికగా చెప్పడం లేదు. నిద్ర చాలని మనిషి చెయ్యి మెషిను దగ్గర ఎక్కడికి పోతుందో చూసినవాణ్ణి. మగ్గం షెడ్డులో శబ్దం 90 డెసిబెల్లు దాటుతుంది, ఇళ్లున్నచోట రాత్రి పదినుంచి ఆరువరకు 45 దాటకూడదని 2000లో వచ్చిన కేంద్ర శబ్ద నిబంధనల్లో ఉంది. నలభై ఏండ్లు మగ్గాల మధ్య నిలబడిన మనకు సన్న శబ్దాలు వినపడవు. "అదొక శబ్దమా?" అని ముసలివాళ్లం నవ్వుతాము. మనకు వినపడకపోతే శబ్దం లేదని కాదు. కోడలికి వినపడుతుంది, పసిబిడ్డకు వినపడుతుంది.

కాబట్టి మగ్గం కొత్తగా ఒక చప్పుడు చేస్తే ఫిట్టరు ఏం చేస్తాడో అదే చెయ్యాలి. చప్పుడు ఎక్కడిదో ముందు వెతకాలి.

బయట బల్ల మీద పెట్టే గాలి మోటారైతే దాన్ని చేత్తో పైకెత్తి పట్టుకోండి. శబ్దం తగ్గిపోతే తప్పు మోటారుది కాదు, బల్లది. ఇనుప బీరువా మీద పెడితే బీరువా డోలు అవుతుంది. మన ఊళ్లో బ్యాండేజి గుడ్డకు కరువా? పదహారు మడతలు వేసి కింద పెట్టండి. లేదా మేకుకు తాడుతో వేలాడదీయండి. మోటారు మీద మాత్రం గుడ్డ కప్పకూడదు, వేడెక్కి కాలిపోతుంది. ఇంకొక మాట, మగ్గం మీదనుంచి తీసిన గుడ్డలో గంజి ఉంటుంది, స్పాంజికి బదులు దాన్ని నీళ్లలో వెయ్యకండి, నీళ్లు చెడిపోతాయి.

గాలి మోటారు ఎప్పుడూ తొట్టి నీటిమట్టానికి పైనే ఉండాలి. కింద పెడితే కరెంటు పోయినప్పుడు గొట్టంలోంచి నీళ్లు వెనక్కి వచ్చి మోటారులోకి దిగుతాయి. నీళ్లు వెనక్కి రాకుండా చిన్న వాల్వు చేపల అంగట్లో దొరుకుతుంది, ఎక్కువ ధర కాదు.

చలచలమని నీళ్లు పడే శబ్దమైతే తొట్టిలో నీళ్లు తగ్గినాయని అర్థం. ఎండాకాలం నీళ్లు ఆవిరై మట్టం దిగుతుంది, పడే ఎత్తు పెరుగుతుంది, శబ్దం పెరుగుతుంది. ఒక రోజు నిలవ ఉంచిన నీళ్లు పోసి మట్టం పెంచండి. సగం ఇళ్లలో తగవు దీనితోనే తీరుతుందని నా లెక్క. గరగరమంటే లోపల తిరిగే చక్రంలో ఇసుకో నత్తగుల్లో ఇరుక్కున్నట్టు. ప్లగ్గు పీకిన తరువాతే నీళ్లలో చెయ్యి పెట్టి, విప్పి, కడగండి. నీళ్ల లోపల మోటారైతే దాన్ని గాజుకు అంటించే రబ్బరు గిన్నెలు గట్టిబడి గాజుకు తగులుతుంటుంది, ఆ రబ్బర్లు మార్చాలి. మూత గడగడమంటే మధ్యన గుడ్డపీలిక పెడితే చాలు.

స్పాంజి మురికిపట్టి మోటారు మూలుగుతుంటే దాన్ని కుళాయి కింద పిండకండి. కుళాయి నీళ్ల క్లోరిన్ ఆ క్రిములను చంపుతుంది. తొట్టి నీళ్లే ఒక బకెట్లో పట్టి అందులో రెండుసార్లు నలిపి పెట్టండి.

కరెంటు బిల్లు కోసం ఆపేవారికి ఒక లెక్క. అయిదు వాట్ల మోటారు రేయింబవళ్లు తిరిగితే రెండు నెలలకు ఏడు యూనిట్ల పైచిలుకు. రాత్రి ఎనిమిది గంటలు ఆపితే మిగిలేది రెండున్నర యూనిట్లు కూడా కాదు. 2016నుంచి మన రాష్ట్రంలో ఇంటికి రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితమే కదా.

ఇవన్నీ చేసినా నిద్ర పట్టనివారు తొట్టిని గదిలోంచి బయటికి మార్చండి. బయట చోటు లేకపోతే గోల్డు ఫిష్ వద్దు, ఫైటరు చేప ఒక్కటి పెంచండి. కొరమీను మాదిరి అదికూడా నీటిపైకి వచ్చి గాలి పీల్చగలదు, మోటారు లేకున్నా ఊపిరికి ఇబ్బంది లేదు. అయితే దాని మురికికి మందు లేదు, నీళ్లు వారం వారం కొంచెం కొంచెం మార్చవలసిందే. లోటా అంత గిన్నెలో పెట్టి అలంకారం చెయ్యకండి.

కరెంటు పోతే ఏమిటి అని అడుగుతారు. 2012లో రోజులో సగం పైన కరెంటు లేని కాలం మన మగ్గాలవారు మరచిపోరు. గంట రెండు గంటలు పోతే భయం లేదు. ఎక్కువసేపైతే మేత వెయ్యకుండా, చెంబుతో తొట్టి నీళ్లు తీసి అంత ఎత్తునుంచి అందులోకే పోస్తా ఉండండి, గాలి కలుస్తుంది. ఈ పని పిల్లలు సంతోషంగా చేస్తారు. కరెంటు వచ్చాక డబ్బా ఫిల్టరైతే వెంటనే స్విచ్ వెయ్యకుండా, లోపల నిలిచిన నీళ్లు పారబోసి, స్పాంజిని తొట్టి నీళ్లలో నలిపి, తరువాత తిప్పండి.