నా ఉత్తరం ఏదిరా?

కొత్తొక వింత, పాతొక రోత అన్నారు పెద్దలు. కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళలో చాలామందికి మాత్రం పాతే ముద్దు. ఇది ఛాందసమని కొట్టిపారేసే మిత్రులున్నారు. కాదని నా మనవి.

లినక్సులో యంత్రాన్ని నడిపే మూలభాగం వేరు, కంటికి కనిపించే మెనూలూ పట్టీలూ వేరు. ఈ రెండోదాన్నే డెస్క్‌టాపు ఎన్విరాన్‌మెంటు అంటారు. మూలభాగాన్ని కదపకుండా పైది మనకు నచ్చింది వేసుకోవచ్చు. ఇల్లు అదే, సామాను సర్దుకోవడం మనిష్టం అన్నమాట.

2011లో నేను ఈ కాలేజీలోనే బి.ఎస్సీ. చదువుతున్నాను. ఇంట్లో ఉన్నది 1 జి.బి. మెమరీ గల కంప్యూటరు ఒక్కటే. దాన్ని నాకన్నా మా తాతయ్యే ఎక్కువ వాడేవారు. రిటైరైన తెలుగు మాస్టారు. సాటి పింఛనుదారుల అర్జీలు తెలుగులో టైపు చేసి పెట్టేవారు. ఆయనకు మెనూల పేర్లు తెలియవు, చోట్లు తెలుసు. పై పట్టీలో ఎడమ మూల ప్రోగ్రాములు, కుడి మూల తెలుగు-ఇంగ్లీషు మార్చే గుర్తు, కింది పట్టీలో తెరిచిన ఉత్తరాలు.

కొత్త వెర్షను ఎక్కించాక ఆ చోట్లన్నీ మారిపోయాయి. అది ఎవరిదో చెప్పను, చాడీలు చెప్పడం నా ఉద్దేశం కాదు.

"ఏరా, నా ఉత్తరం ఏదిరా?" అన్నారు తాతయ్య.

"ఉంది తాతయ్యా, వెనకాల ఉంది."

"వెనకాలంటే ఎక్కడరా?"

చూపించాను. మర్నాడు మళ్ళీ అడిగారు. మూడోనాడు అడగలేదు. కాగితం, కలం ముందేసుకుని చేత్తో రాసుకుంటున్నారు. డెబ్భై దాటాక పట్టుబట్టి నేర్చుకున్న పని, ఒక్క రాత్రిలో మనవణ్ణి బతిమాలుకునే పని అయిపోయింది. నా మనసు చివుక్కుమంది.

ఈ బాధ మా ఇంటిదే కాదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వచ్చింది. 2002 నుంచి జనానికి అలవాటైన గ్నోమ్ 2 రూపురేఖలు పోయాయి. అదే నెలలో ఉబుంటు 11.04 యూనిటీ అనే సొంత రూపాన్ని ముందుకు తెచ్చింది. లినక్సు సృష్టికర్త లీనస్ తోర్వాల్డ్స్ అంతటివాడే గ్నోమ్ 3ని బాహాటంగా విమర్శించి ఎక్స్‌ఎఫ్‌సీఈకి మారాడు. అలాగని ఆ రూపకర్తలు తెలివితక్కువవాళ్ళు కారు. చిన్న తెరలూ, వేలితో తాకే తెరలూ వస్తున్నాయని ముందుచూపుతోనే చేశారు. కాకపోతే ఆ చూపు మా తాతయ్య దాకా రాలేదు.

మరి మాకు దారేది? కెడిఇకి హంగులు ఎక్కువ, మా 1 జి.బి.కి అది బరువు. గ్నోమ్ 2నే తీసుకుని అర్జెంటీనా దేశస్థుడొకడు 'మాటే' పేరుతో కొనసాగించాడు. అది దక్షిణ అమెరికావాళ్ళు తాగే ఒక పానీయం పేరు. అప్పటికది ఇంకా పసిగుడ్డు. మిగిలింది 1996లో ఒలివియే ఫోర్దాన్ మొదలుపెట్టిన ఎక్స్‌ఎఫ్‌సీఈ. తేలికైనది, పట్టీలు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. ఒక ఆదివారం తాతయ్యను పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన చెప్పినట్టే సర్దాను. "ఆ, అక్కడే ఉంచు. ఇంకాస్త కుడికి." సాయంత్రానికల్లా ఎవరిదో పింఛను బకాయి అర్జీ టైపయింది.

ఇది నా గొప్ప కాదు. ప్రోగ్రాము మూలాన్ని ఎవరైనా తీసుకుని, మార్చి, మళ్ళీ పంచవచ్చునన్న లైసెన్సు చలవ. అయితే లైసెన్సు దారి ఇస్తుందేగాని నడిచిపెట్టదు. ఎవరో ఒకరు రాత్రుళ్ళు కూర్చుని తప్పులు దిద్దాలి. అలా దిద్దేవాళ్ళు ఉండబట్టే మాటే నేటికీ నడుస్తోంది. తమాషా ఏమిటంటే, ఉబుంటు 2017లో యూనిటీని వదిలి గ్నోమ్‌కే తిరిగొచ్చింది. తోర్వాల్డ్స్ కూడా తర్వాత గ్నోమ్ గూటికే చేరాడు. కనుక ఏది మంచిదన్న తగవు తెగేది కాదు. ఎవరి సర్దుబాటు వాళ్ళు చేసుకునే వీలుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మన కాలేజీ నుంచి ప్రోగ్రాములు రాసే ఉద్యోగాలకు వెళ్ళే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక్క మాట. మార్చవద్దని అనను. ఒక మీటను దాని చోటునుంచి తీసేముందు, ఆ చోటునే నమ్ముకుని పని చేసుకుంటున్న ముసలి వేలు ఒకటి ఎక్కడో ఉంటుందని తలుచుకోండి. కొత్త దారి వెయ్యండి. పాత దారికి మాత్రం కంచె కట్టకండి.