బండి తోలేవాడు

శ్రీహరికోట అంటే మీకు రాకెట్లు గుర్తుకొస్తాయి. మా పల్లెలో ఆడోళ్ళనడగండి, ముందు మలయాళోళ్ళ పేరు చెబుతారు. తిరువనంతపురం పక్కన తుంబాలో 1963లో మొదటి రాకెట్టు ఎగిరింది. మా దీవి నించి ఎగరడం 1971లో మొదలయింది. ఆ దారినే కేరళ నించి చాలా కుటుంబాలు ఈ తీరానికి వచ్చి క్వార్టర్లలో దిగాయి. కొబ్బరినూనె వాసన, ఎర్రబియ్యం, ఓణం పండక్కి వాకిట్లో పూలముగ్గు, అన్నీ వాళ్ళతోబాటే వచ్చాయి. వాళ్ళిళ్ళల్లో అంట్లు తోమింది, గచ్చు కడిగింది మావాళ్ళు. అంతకు ముందు ఆ దీవంతా యానాదులది, అడివిది. ఆడ కొట్టిన కట్టెలు బకింగ్‌హాం కాలవ మీద పడవల్లో మద్రాసు పొయ్యిల్లోకి పోయేవి. దీవి గురించి రాసేవాళ్ళు యానాదుల్ని రెండు వాక్యాల్లో ముగించి రాకెట్లలోకి పోతారు. ఆ కథ యానాదులే రాయాలి. నేను చెప్పేది ఒక సినిమా సంగతి, దాన్ని చూసిన మా నాయన సంగతి.

మా పల్లె సూళ్ళూరుపేటకి దగ్గిర, పులికాట్ కయ్యలకి ఇవతల ఒడ్డు. మా నాయన ఒక ఆసామి దగ్గిర సేద్యగాడు. ఈ మాట ఇప్పటి పిల్లలకి తెలీదు. సేద్యగాడంటే కోడి కూసేలోపల కొట్టంలో ఉండాల. పేడ ఎత్తాల, ఎద్దులకి కుడితి పెట్టాల, మడక గట్టాల. ఏడాదికింతని కొలిచే వడ్లు పెళ్ళికి తెచ్చిన అప్పు వడ్డీకి పోతాయి. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. ఆ కబురు మా పల్లెకి నడిచొచ్చేసరికి ఇంకో పదేళ్ళు పట్టింది.

ఆసామి ఇంటోళ్ళు సినిమాకి పోవాలంటే బండి గట్టేది నాయనే. పేటలో హాలు ముందర వాళ్ళని దించి, ఎద్దుల్ని విప్పి గడ్డేసి, హాలు గోడకి వీపు ఆనించి కూచునేవాడు. లోపల్నించి మాటలూ పాటలూ బయటికి వినబడేవి. చాలా సినిమాలు ఆయనకి చెవుల్తోనే తెలుసు. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ ఆయన గోడవతల నించి నాలుగాటలు విన్నాడు. కర్ణుడి కులం అడిగే ఘట్టం ఒంటబట్టి, మడక దున్నేటప్పుడు రామారావు గొంతు పెట్టి ఎద్దులకి వినిపించేవాడంట. ఆ కర్ణుడి మొహం ఎట్టుంటదో మాత్రం ఆయనకి తెలీదు. పోస్టరు చూసి ఊహించుకున్నదే.

అమ్మ దీవిలో పాచిపనికి పోయేది. 1995 ఎండాకాలం సెలవల్లో, నేను ఎనిమిది పాసయినప్పుడు, పాసు రాయించి నన్నూ తీసకపోయింది. ఆమె పనిచేసే ఇంట్లో మద్రాసు నించి తెప్పించిన వీడియో క్యాసెట్టు వేశారు. ఇంటి ఆంటీ నాకు కుర్చీ చూపించింది. అమ్మ నా చెయ్యి పట్టి గచ్చు మీదికి లాగి "ఈడయితే బాగా కనబడతాదిరా" అనింది. ఆంటీ ఇంకోసారి చెప్పలేదు. అమ్మ చెయ్యీ వదల్లేదు.

ఆ సినిమా పేరు తేన్మావిన్ కొంబత్తు. తియ్యమామిడి కొమ్మ మీద అని అర్థమంట. 1994లో ప్రియదర్శన్ తీశాడు. మోహన్‌లాల్ మాణిక్యన్, శోభన కార్తుంబి, నెడుముడి వేణు శ్రీకృష్ణన్. ఊళ్ళో పెద్దమనిషి శ్రీకృష్ణన్. ఆయన దగ్గిర పనిచేసేవాడు మాణిక్యన్, ఎడ్లబండి తోలతాడు. యజమాని కార్తుంబి మీద మనసు పడతాడు. పనోడూ ఆమే ఒకరికొకరు ఇష్టపడతారు. మధ్యలో కొండేలు చెప్పేవాడొకడు, శ్రీనివాసన్ వేశాడు. నవ్వులు, కొట్లాటలు, పచ్చని కొండల్లో పాటలు. ఆ పచ్చదనం పట్టినందుకు కె.వి. ఆనంద్‌కీ, ఆ ఊరిని కట్టినందుకు సాబు సిరిల్‌కీ జాతీయ అవార్డులు వచ్చాయి. అవన్నీ నాకప్పుడు తెలీదు. నాకు కనబడింది ఒకటే. బండి తోలేవాడు తెర నిండా ఉండాడు.

వాళ్ళిద్దరూ దారి తప్పి కన్నడం మాట్లాడే ఊళ్ళో పడతారు. మాణిక్యన్‌కి ఆ భాష రాదు, ఆమె వాణ్ణి ఆటపట్టిస్తుంది. ఆంటీ కన్నడాన్ని మలయాళంలో, మలయాళాన్ని తన వచ్చీరాని తెలుగులో చెప్పేసరికి నవ్వు మా దగ్గిరికి ఆలస్యంగా వచ్చేది. ఆమె పిల్లలు నవ్వి ఊరుకున్నాక నేనూ అమ్మా నవ్వేవాళ్ళం. యజమాని చెప్పుడు మాటలు విని మాణిక్యన్ని శత్రువుగా చూసే చోట మాత్రం అమ్మకి తర్జుమా అక్కర్లేకపోయింది. ఆంటీ నోరు తెరిచేలోపలే "ఆసామికి కోపమొచ్చింది" అని నాకు చెప్పింది.

చివరికి శ్రీకృష్ణన్ మనసు మార్చుకుంటాడు. కార్తుంబి మాణిక్యన్‌కే దక్కుతుంది. వాడు పనోడుగా పుట్టాడు, పనోడుగానే పిల్లని గెలిచాడు. ఆ రోజు పులికాట్ మీద రోడ్డెంబడి వచ్చేటప్పుడు అమ్మ, "ఆ బండోడు మీ నాయన మాదిరే ఎద్దుని అదిలిస్తాడురా" అని సిగ్గుపడతా చెప్పింది. మా అమ్మ నోట నాయన గురించి అట్టాంటి మాట నేను వినడం అదే మొదలు.

ఆ దీపావళికి రజనీకాంత్ ముత్తు వచ్చింది. కె.ఎస్. రవికుమార్ దర్శకుడు, రహమాన్ పాటలు. తెలుగులో గూడా అదే పేరుతో వచ్చింది. నేను ఒక రీలు తిరగకముందే పట్టేశాను, ఇది ఆ మలయాళం సినిమానే! శోభన చోట మీనా, నెడుముడి వేణు చోట మన ఆముదాలవలస శరత్‌బాబు. ఎడ్లబండి గుర్రబ్బండి అయింది. వాళ్ళు దారి తప్పేది కన్నడ ఊళ్ళో గాక కేరళలో. దీవిలో మలయాళోళ్ళు ఈ మార్పు చూసి ఏమనుకున్నారో గాని, మా పల్లె పిల్లకాయలు వారం రోజులు వచ్చీరాని మలయాళం పేలుకుంటా తిరిగారు.

అప్పటికి నాయన ఆసామిని వదిలి కూలికి పోతుండాడు. నేనే లాక్కొని పోయాను. ఈసారి గోడవతల గాదు, లోపల. ముత్తు కళ్ళాలు పట్టుకొని నిలబడి గుర్రబ్బండి తోలతా పాడతాంటే నాయన కాళ్ళు నేల మీద ఆడినాయి. అంతసేపు ఆయన పళ్ళు కనబడటం నేను చూళ్ళేదు. తర్వాత ఫ్లాష్‌బ్యాక్ వచ్చింది. ఆస్తంతా బంధువుకి వదిలేసి వెళ్ళిపోయిన జమీందారు ఒకడుండాడు. ఆ జమీందారు కొడుకే ముత్తు. వాడి ఇంట్లోనే వాణ్ణి పనోడుగా పెంచారు. ఆ భాగం మలయాళంలో లేదు.

హాలంతా ఈలలు. నాయన కాళ్ళు ఆగిపోయినాయి. బయటికొచ్చి బీడీ ముట్టించుకొని ఒకటే మాటన్నాడు.

"చివరాకరికి ఆడు గూడా జమీందారేనంటరా. మరి ఇందాకటిదాకా బండి తోలింది ఎవురు?"

ఈ ప్రశ్న నన్ను నెల్లూరు హాస్టల్‌దాకా వెంటాడింది. రజనీకాంత్ ఇమేజ్‌కి అట్టా రాయక తప్పదని ఒక మిత్రుడు వాదించేవాడు. అయితే ఆ ఇమేజ్ దేంతో చేశారు? కూలీ, ఆటోవాడు, బండోడు, మన ఒంటి మీది గుడ్డలతోనే గదా! అదే 1995లో వచ్చిన బాషాలో ఆటోవాడు గూడా నిజానికి ఆటోవాడు కాడు. మన చొక్కా తొడుక్కొని టికెట్లు మనకే అమ్మి, ఆఖరి రీల్లో చొక్కా విప్పి లోపల పట్టుబట్ట చూపిస్తారు. ఇది రజనీకాంత్‌తో మొదలయింది గాదు. రథం తోలేవాడింట్లో పెరిగినవాడు విల్లు పట్టి రాజుల్ని నిలవేస్తే, అంత పౌరుషం సూతుడి కొంపలో ఎట్లా పుడుతుందని, వాడు కుంతి కొడుకని తేల్చేదాకా భారతానికి నిద్ర పట్టలేదు. మా నాయన మడక వెనకాల అరిచిన కర్ణుడు గూడా చివరికి క్షత్రియుడే. ముత్తు చూసిన రోజు ఆయనకి రెండు సినిమాలు పోయినాయి.

మరి మలయాళపోళ్ళు మనకంటే మంచోళ్ళా అంటారేమో. అట్టా అనుకోబాకండి. మాణిక్యన్ కులమేందో ఆ సినిమా ఒక్క మాటా చెప్పదు. యజమాని తమ్ముడిలా చూసుకుంటాడు, అంతే. ఆ ప్రేమ ఎన్నాళ్ళుంటుందో మేం చూసినోళ్ళమే, కొండెం చెప్పేవాడు వచ్చేదాకా ఉంటుంది. మాణిక్యన్‌కి దక్కిన పిల్ల గూడా యజమాని మనసు మారితేనే దక్కింది.

రాకెట్లు ముందుగా ఎగిరిన ఆ తిరువనంతపురంలోనే, దాదాపు వందేళ్ళ కిందట, జె.సి. డానియెల్ విగతకుమారన్ అనే మూకీ తీశాడు. మలయాళంలో అదే మొదటి సినిమా. అందులో నాయిక పి.కె. రోసి. పులయ పిల్ల, అంటే మన పల్లె పిల్ల. నాటకాలాడేది. సినిమాలో ఆమెకి నాయరమ్మ వేషం ఇచ్చారు. పులయది నాయరమ్మగా కనబడేసరికి తెర మీదికి రాళ్ళు రువ్వారు, ఆమె ఇల్లు తగలబెట్టారు. ఒక లారీ డ్రైవరు సాయంతో తమిళదేశం పారిపోయి, పేరు మరుగున పెట్టుకొని బతికింది. ఇంకో సినిమా చెయ్యలేదు. ఆ సినిమా ప్రింటు మిగల్లేదు. రోసి కథ 2013లో కమల్ తీసిన సెల్యులాయిడ్ వచ్చాక మాలాంటోళ్ళకి తెలిసింది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పనోడి వేషంలో జమీందారు కొడుకు వస్తే ఈలలు. నాయరమ్మ వేషంలో పల్లె పిల్ల వస్తే రాళ్ళు. ముత్తులో మీనా వేసింది నాటకాలాడే పిల్ల వేషమే. నిజంగా నాటకాలాడిన పిల్ల లారీ ఎక్కి పారిపోయింది.

చాలకుడి నించి వచ్చిన దళితుడు కళాభవన్ మణి 2002లో మన తెలుగు జెమినిలో కనబడ్డాడు, విలన్‌గా. వినాయకన్ కమ్మటిపాడంలో నటనకి కేరళ రాష్ట్రం ఉత్తమ నటుడి అవార్డు తెచ్చుకున్నాడు, 2016 సినిమాకి. మన తెలుగులో అట్టా లెక్కబెట్టబోతే నా చేతివేళ్ళు ముడుచుకొనే ఉండిపోతాయి. పాలేరు వేషాలకి మాత్రం కరువు లేదు.

ముత్తు 1998లో జపాన్ పోయి ఆడ గూడా విరగాడింది. పేపర్లో బొమ్మ చూపించి నాయనకి చెప్పాను. "జపానోళ్ళకి గూడా జమీందార్లుంటారా?" అని అడిగాడు.

మా పేట దగ్గిర 2019లో పెద్ద తెర హాలు కట్టారు, దేశమంతా చెప్పుకునేటంత పెద్దది. నాయన్ని రమ్మంటే రాలేదు. టీవీలో ముత్తు వస్తే మాత్రం మంచం దగ్గిరికి లాక్కుంటాడు. గుర్రబ్బండి పాట అయిందాకా చూస్తాడు. ఫ్లాష్‌బ్యాక్ మొదలవతానే, "సౌండు తగ్గించరా" అని లేచి గొడ్డుకి నీళ్ళు పెట్టను పోతాడు.