డోలూ డ్రమ్సూ కాదండీ!

2020 మార్చిలో షూటింగులు ఆగిపోయాయి. థియేటర్లకు తాళాలు పడ్డాయి. నేనప్పుడు అసిస్టెంట్ డైరెక్టర్ని. అంటే క్లాప్ కొట్టేవాణ్ణీ, తిట్లు తినేవాణ్ణీ అని అర్థం! కృష్ణానగర్లో గది, ఫిల్మ్‌నగర్లో ఆఫీసు, మధ్యన జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు.

ఒకరోజు ఇంగ్లీషు పేపర్లో చూశాను. సినిమా పరిశ్రమ 'డోల్‌డ్రమ్స్'లో ఉందట. డోలు తెలుసు. డ్రమ్ములూ తెలుసు. రెండూ కలిస్తే సందడేగా! వెంటనే కాకినాడ దగ్గర మా ఊరికి ఫోన్ కొట్టాను. "నాన్నా, ఇక డోలూ డ్రమ్సూ మోగబోతున్నాయి. నాకు డబ్బు పంపొద్దు."

నాన్న ఎంత సంబరపడ్డాడో!

గదిలోని మిత్రుడు పడీపడీ నవ్వి, డిక్షనరీ నా ముందు పడేశాడు. భూమధ్యరేఖ దగ్గర, ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ వచ్చే వ్యాపార పవనాలు కలుసుకునే ప్రాంతమట అది. అక్కడ వేడెక్కిన గాలి పైకి లేచిపోతుంది. నీటిమీద గాలి పడిపోతుంది. పూర్వం తెరచాప ఓడలు అక్కడ చిక్కుకుంటే వారాల తరబడి కదిలేవి కావు. తాగే నీళ్లు అడుగంటేవి. సినిమావాళ్లమైతే పెద్ద ఫ్యాను పెట్టి హీరోయిన్ పైట ఎగరేస్తాం. పాపం, నడిసముద్రంలో ఫ్యానెక్కడిది?

నా జేబూ అడుగంటింది. సిగ్గు విడిచి మళ్లీ ఫోన్ చేశాను. "పని ఆగిపోయింది నాన్నా."

ఏటా ఏప్రిల్ 15 నుంచి సముద్రంలో వేట నిషేధం. నాన్న పడవా ఒడ్డునే ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఉన్నది పంపుతాన్లే. గాలి పడిపోతే తెరచాప దించి తెడ్డెయ్యాలి గానీ, గాలిని తిడతా కూకుంటే ఎలాగరా?"

ఆ రాత్రి నోటుబుక్కు తీశాను. రోజుకు రెండు సీన్లు. అదే నా తెడ్డు.

2021 సంక్రాంతికి 'క్రాక్' వచ్చింది. సగం సీట్లకే అనుమతి ఉన్నా హాళ్లు ఈలలతో మోగాయి. నాకూ మళ్లీ క్లాప్ దొరికింది. నోటుబుక్కులోని కథ మాత్రం ఇంకా తెరకెక్కలేదు.

అన్నట్టు, ఆ ఇంగ్లీషు మాటకి అసలు అర్థం నాన్నకి ఈనాటికీ చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "డోలూ డ్రమ్సూ ఎప్పుడ్రా?"

"వస్తున్నాయి నాన్నా" అంటాను.